అమ్మ మెడ మూడు నెలల్లో నల్లబడింది, షుగర్ లేదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

పొదిలి అబ్బాయి:
మా అమ్మకు 58 ఏళ్లు. మొదటి నుంచీ సన్నటి మనిషే. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు బాగానే ఉంది. ఉగాదికి వచ్చి చూస్తే మెడ చుట్టూ, చంకల్లో చర్మం నల్లగా మందంగా అయిపోయింది. పసుపుతాడు పక్కకు జరిపితే మడతలు మడతలుగా కనపడుతోంది. దురద కూడా ఉందట. ఊళ్లో ఆర్‌ఎంపీ తామర అని ఆయింట్‌మెంట్ ఇచ్చాడు, నెల రోజులు రాసినా తగ్గలేదు. ఒంగోలులో షుగర్ చూపిస్తే నార్మల్. అన్నం సగం తిని లేచిపోతోంది, ఎండలకు తినబుద్ధి కావట్లేదంటుంది. ఇది చర్మం జబ్బేనా?

నెల్లూరు నర్స్:
తమ్ముడూ, మెడ నల్లబడటం మా ఓపీలో రోజూ చూసేదే. ఎక్కువ మందిలో దానికి కారణం షుగరో, షుగర్ రాబోతుండటమో, అధిక బరువో. కానీ అమ్మ సన్నగా ఉన్నారు, త్వరగా వచ్చింది, ఆకలి లేదు అంటున్నావు. ఈ మూడూ కలిస్తే ఆయింట్‌మెంట్లతో రోజులు గడపొద్దు. ఆ మధ్య మా వార్డుకు ఒకామె వచ్చింది. కనురెప్పలు ఊదారంగులో ఉబ్బి, వేలి కణుపుల మీద ఎర్రటి దద్దుర్లు. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవదు. కండరాల జబ్బని తేలాక, లోపల కూడా చూడాలని స్కానింగ్ చేస్తే అండాశయంలో గడ్డ దొరికింది. చర్మం మీద కనపడేది ఒక్కోసారి లోపలి జబ్బుకు గుర్తు కావచ్చని చెప్తున్నా.

కొండపి ఆడపడుచు:
తమ్ముడూ, "సగం తిని లేచిపోతోంది" అన్న మాట దగ్గర నా గుండె ఝల్లుమంది. మా నాయనదీ అదే వరస.

మాది పొగాకు ఇల్లు. ఆకు కొట్టే రోజుల్లో జిగురు పట్టి చేతులు నల్లబడటం మాకు కొత్త కాదు. ఆ ఏడాది ఆకు కాల్చే బ్యారన్లు ఆరిపోయి, బేళ్లు వేలానికి వెళ్లిపోయినా నాయన చేతులు మామూలు కాలేదు. అరచేయి మందమెక్కింది. గీతలు లోతుగా దిగి, వాటి మధ్య చర్మం సన్న సన్న గట్లుగా లేచి, తాకితే ముఖమల్ గుడ్డలా ఉండేది. పొట్టేలును కోసినప్పుడు పొట్ట లోపలి పొర ఉంటుంది చూడు, అట్లా. ఇంగ్లీషులో ‘ట్రైప్ పామ్స్’ అన్న పేరు కూడా దాన్నుంచే వచ్చిందట. మెడ నల్లబడితే ఎండ అనుకున్నాం. పెదవుల చివర పులిపిరుల్లాంటివి లేచాయి. ఒక క్లినిక్‌లో రెండు నెలలు గజ్జి మందు, తామర మందు మార్చి మార్చి ఇచ్చారు. ఒక్కరూ పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

చివరికి ఒక చర్మం డాక్టరమ్మ అరచేయి తిప్పి తిప్పి చూసి, మందు చీటీ రాయకుండా "పెద్దాయనా, ఒళ్లు తగ్గావా?" అని అడిగింది. మొలతాడు రెండుసార్లు బిగించుకున్నానన్నాడు నాయన. మాకెవరికీ తెలియదు ఆ సంగతి. అదే రోజు ఎండోస్కోపీకి, అంటే నోట్లోంచి గొట్టం వేసి పొట్ట లోపల చూసే పరీక్షకు రాసింది. జీర్ణాశయంలో కేన్సర్, అప్పటికే కాలేయానికి పాకింది.

చర్మానికి వచ్చింది కేన్సర్ కాదని ఆమె విడమరిచి చెప్పింది. లోపలి గడ్డ వదిలే కొన్ని పదార్థాల వల్ల చర్మ కణాలు గబగబా పెరిగి మందమవుతాయట. అందుకే పైపూత మందులకు లొంగదు. కీమో మూడో విడత అయ్యాక నాయన అరచేతులు మెత్తబడ్డాయి. నా చెయ్యి పట్టుకుని "చూడమ్మా, తగ్గింది" అన్నాడు. మరుసటి ఏడు ఆకు కొట్టే నాటికి లేడు.

అమ్మకు ఇదే అని నేననను. వేరే కారణమే కావచ్చు. కానీ ఇవాళే అరచేతులు వెలుతురులో పెట్టి చూడు. పెదవుల లోపల గరుకుగా ఉందేమో, మెడకు ఎడమవైపు కింద, కాలర్ ఎముక పైన గడ్డ తగులుతుందేమో చూడు. ఇవేవీ లేకపోయినా సరే, పొట్ట డాక్టర్‌కు చూపించాల్సిందే.

పొదిలి అబ్బాయి:
ఇప్పుడే వరండాలో లైటు వేసి చూశాను అక్కా. అరచేతులు మామూలుగానే ఉన్నాయి. గడ్డలేమీ తగల్లేదు. పెదవి లోపల మాత్రం గరుకుగా ఉంది. జాకెట్లన్నీ లోపలికి కుట్టించుకుందట, నాకు చెప్పనేలేదు. సోమవారం ఒంగోలు తీసుకెళ్తున్నా. గొట్టం వేస్తారంటే భయపడుతోంది. మత్తు ఇస్తారా?

నెల్లూరు నర్స్:
గొంతులో స్ప్రే కొట్టి చేస్తారు, కావాలంటే నిద్రమత్తు ఇస్తారు. చూడటం పది పదిహేను నిమిషాల పని. ముందు ఆరేడు గంటలు ఏమీ తినకూడదు, అందుకే పొద్దున టైం అడుగు. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు, ఆ రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. మత్తు ఇస్తే ఆ రోజు అమ్మను ఒంటరిగా బస్సెక్కించొద్దు.

కొండపి ఆడపడుచు:
ఆయింట్‌మెంట్ ట్యూబు, షుగర్ రిపోర్టు సంచిలో వేసుకెళ్లు. జాకెట్ల సంగతి అమ్మ చెప్పదు, నువ్వే చెప్పు. సంక్రాంతికి తీసిన ఫొటో ఫోన్లో ఉంటే డాక్టర్‌కు అదే ముందు చూపించు.