ట్యాగు కట్టిన సముద్ర పక్షి తిరిగి రాకపోతే చనిపోయినట్టేనా?

ప్రశ్న

నమస్కారం. వచ్చే సంతానోత్పత్తి కాలంలో ఒక దీవి మీద షియర్‌వాటర్ పక్షుల అధ్యయనంలో సహాయకురాలిగా చేరబోతున్నాను. ఈ పక్షులు నేలలోని బొరియల్లో గూడు కట్టుకుని ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి. కాలి రింగుకు జియోలొకేటర్ అనే చిన్న పరికరాన్ని బిగించి వదిలిపెట్టి, మరుసటి ఏడాది అదే బొరియలో ఆ పక్షిని మళ్లీ పట్టుకుని అందులోని సమాచారాన్ని తీసుకోవాలన్నది మా ప్రణాళిక.

తిరిగి వచ్చిన పక్షులు ఎక్కడెక్కడ తిరిగాయో తెలుస్తుంది, సరే. మరి రానివాటి సంగతి ఏమిటి? వాటిని చనిపోయినవాటి కింద లెక్క వేయవచ్చా? పక్క బొరియకు మారి ఉండవచ్చు, లేదా ఆ ఏడు గుడ్డు పెట్టకుండా సముద్రం మీదే ఉండిపోయి ఉండవచ్చు. అన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇది: మేము కట్టిన పరికరమే ఒక పక్షి ప్రాణానికి ముప్పు తెస్తే, ఆ సంగతి మాకు తెలిసేదెలా? కదలికలు, సంతానోత్పత్తి, మనుగడ మూడూ ఈ ఒక్క పరికరంతో తెలుస్తాయని చదివాను. అది ఎంతవరకు నిజమో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1

ఆ పరికరం ఏం కొలుస్తుందో తెలిస్తే, ఏది చెప్పగలదో ఏది చెప్పలేదో తేటపడుతుంది. అందులో ముఖ్యంగా ఉండేవి ఒక గడియారం, వెలుతురును పసిగట్టే ఒక సెన్సర్. పొద్దు పొడిచిన వేళ, పొద్దు గుంకిన వేళ నమోదవుతాయి కనుక, పగటి నిడివిని బట్టి అక్షాంశాన్ని, మిట్టమధ్యాహ్నం ఎప్పుడైందన్నదాన్ని బట్టి రేఖాంశాన్ని లెక్కగడతారు. మధ్యాహ్నం 4 నిమిషాలు అటూ ఇటూ జరిగిందంటే పక్షి ఒక డిగ్రీ పడమరకో తూర్పుకో జరిగినట్టు. ఈ లెక్కలో 200 కిలోమీటర్ల దాకా తేడా రావడం మామూలే. మార్చి, సెప్టెంబరు విషువత్తుల సమయంలో ఎక్కడ చూసినా పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉంటాయి కాబట్టి ఆ ముందూ వెనకా వారాల్లో అక్షాంశాన్ని నమ్మడానికి వీల్లేదు.

అయినా మహాసముద్రాలు దాటే వలసలను గుర్తించడానికి అంతమాత్రం చాలు. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌లలో గూడు కట్టే ఆర్కిటిక్ టర్న్ పక్షులకు 1.4 గ్రాముల జియోలొకేటర్లు కట్టి చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. వంద గ్రాములకు కాస్త పైబడిన ఆ పక్షి ఏడాదిలో సగటున 70,900 కిలోమీటర్లు ప్రయాణిస్తుందని తేలింది. మీ ప్రశ్న సరిగ్గా ఇక్కడే వర్తిస్తుంది: ఆ సగటు, తిరిగి వచ్చి చేతికి చిక్కిన 11 పక్షులది మాత్రమే. దారిలో రాలిపోయినవి ఉంటే వాటి దారి ఆ లెక్కలో లేదు.

సంతానోత్పత్తి విషయంలో మాత్రం మీ షియర్‌వాటర్లు మీకు బాగా సహకరిస్తాయి. ఆడ, మగ రెండూ కొన్ని రోజుల చొప్పున వంతులు వేసుకుని పొదుగుతాయి. వెలుతురు గ్రాఫును తెరిచినప్పుడు, రోజూ పగలు నిటారుగా లేచి రాత్రి పడిపోయే గీత ఉన్నట్టుండి ఐదారు రోజులపాటు అడుగునే పడి ఉండడం కనిపిస్తుంది. ఆ రోజుల్లో పక్షి చీకటి బొరియలో గుడ్డు మీద కూర్చుని ఉందన్నమాట. ఉప్పునీటి తడిని పసిగట్టే సెన్సర్ కూడా ఉంటే అదే రోజుల్లో అది పొడిగా ఉన్నట్టు చూపుతుంది. పొదిగే కాలం మధ్యలోనే ఈ చీకటి రోజులు ఆగిపోయి మళ్లీ రాకపోతే గుడ్డు పోయిందని అనుమానించవచ్చు. మొదటిసారి అలాంటి గీతను చూసినప్పుడు నేను చాలాసేపు దాని ముందే కూర్చుండిపోయాను.

జవాబు 2

పై సమాధానంతో ఏకీభవిస్తూ, మనుగడ గురించి చెబుతాను. రాని పక్షిని చనిపోయినట్టు రాయకూడదు. మీకు కనిపించకపోవడంలో రెండు విషయాలు కలిసి ఉంటాయి: పక్షి బతికి ఉండే అవకాశం ఒకటి, బతికి ఉన్న పక్షి మీ కంట పడే అవకాశం మరొకటి. రెండింటినీ విడదీయడానికి 1960ల నుంచి వాడుకలో ఉన్న కార్మాక్–జాలీ–సీబర్ పద్ధతి వెనక ఉన్న ఆలోచన సులువైనదే. ఒక పక్షి మొదటి ఏడాది కనిపించి, రెండో ఏడాది కనిపించక, మూడో ఏడాది మళ్లీ కనిపించిందంటే, రెండో ఏడాది అది బతికే ఉంది, మీరే చూడలేకపోయారు. ఇలాంటి ఖాళీలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి మీ చూపు ఎంత పదునైనదో తెలుస్తుంది. బతికున్న పక్షుల్లో నూటికి 80 మీ కంట పడతాయని అలా తేలిందనుకుందాం; నిరుడు రింగు వేసిన 100 పక్షుల్లో ఈ ఏడు 72 కనిపిస్తే, బతికున్నవి 72 కాదు, సుమారు 90.

కనుక రెండేళ్ల పనితో మనుగడ రేటు తేలదు. కట్టిన ఏడాది, విప్పిన ఏడాది మాత్రమే ఉంటే ఆ ఖాళీలు ఏర్పడే అవకాశమే లేదు. కనీసం మూడేళ్లు కావాలి; అప్పుడైనా చివరి ఏడాది మనుగడను, చివరి ఏడాది కనిపించే అవకాశాన్ని విడదీయడం కుదరదు. పైగా కొన్ని జాతుల్లో గైర్హాజరు సహజం. వాండరింగ్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షికి పిల్లను పెంచడానికి దాదాపు ఏడాది పడుతుంది, అందువల్ల పిల్లను విజయవంతంగా పెంచిన జంట మరుసటి ఏడాది గూటికి రాదు. ఆ సంగతి తెలియనివారు ఆ జంటను చచ్చిపోయిన పక్షుల్లో కలిపేస్తారు.

మనుగడ విషయంలో నాకు ఖరీదైన పరికరాల కంటే మామూలు రింగు మీదే గురి ఎక్కువ. విజ్‌డమ్ అని పేరు పెట్టిన లేసన్ ఆల్బట్రాస్‌కు 1956లో పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవిలో చాండ్లర్ రాబిన్స్ అనే పక్షిశాస్త్రవేత్త రింగు వేశారు. 2002లో అదే దీవిలో అదే పక్షి మళ్లీ ఆయన చేతికే చిక్కింది. అది 2024లో కూడా గుడ్డు పెట్టింది. ఉప్పునీటికి, ఇసుకకు రింగులు అరిగిపోతాయి కనుక, అంకెలు చెరిగిపోయే లోపే దానికి పాతది తీసి కొత్తది వేస్తూ వచ్చారు. ఏ బ్యాటరీ అన్నేళ్లు పనిచేయదు.

జవాబు 3

పరికరమే హాని చేస్తే తెలిసేదెలా అన్న మీ కలవరానికి గట్టి ఆధారం ఉంది. హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలోని క్రోజె దీవుల్లో కింగ్ పెంగ్విన్లను పదేళ్లపాటు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, రెక్కకు లోహపు పట్టీ ఉన్న పక్షుల మనుగడ పట్టీ లేనివాటి కంటే 16 శాతం తక్కువగా, వాటికి కలిగిన పిల్లల సంఖ్య 39 శాతం తక్కువగా తేలింది. పట్టీ లేనివాటిని గుర్తించడానికి చర్మం కింద చిన్న చిప్పు పెట్టారు. పోల్చడానికి ఆ రెండో గుంపు లేకపోయి ఉంటే, ఆ నష్టాన్ని సముద్రానికో వాతావరణానికో అంటగట్టేవారు.

కాబట్టి మీ బృందాన్ని మొదట అడగవలసింది, పరికరం లేకుండా రింగు మాత్రమే ఉన్న పక్షుల బొరియలు పక్కనే ఎన్ని ఉన్నాయన్నది. రెండు గుంపుల్లోనూ తిరిగి వచ్చినవెన్ని, పక్షుల బరువెంత, పిల్లలు ఎలా పెరిగాయి అన్నవి ఒకే తీరున నమోదు కావాలి. పరికరం బరువు పక్షి బరువులో 3 శాతానికి మించకూడదన్న నియమం విరివిగా వాడుకలో ఉంది. 400 గ్రాముల షియర్‌వాటర్‌కు అది 12 గ్రాములు, మీ జియోలొకేటర్ అందులో చిన్న వంతే. అయితే బరువు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకండి. నీటిలో మునిగి చేపను వెంటాడే పక్షికి, వీపు మీద తప్పుగా అతికించిన తేలికపాటి వస్తువు కూడా నీటి ఒరిపిడిని పెంచి, ప్రతి మునకనూ కష్టతరం చేస్తుంది.

గుడ్డు పెట్టిన తొలి రోజుల్లో పక్షిని బయటికి తీయవద్దు, ఆ దశలో గూడు వదిలి వెళ్లిపోయే ప్రమాదం ఎక్కువ. బొరియలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టినప్పుడు ముందు గుడ్డు ఎక్కడుందో వేళ్లతో తడిమి, అరచేతిని దానికి అడ్డుగా ఉంచాకే పక్షిని పట్టుకోవాలి. అది ముక్కుతో గట్టిగానే పొడుస్తుంది; అయినా చెయ్యి విసురుగా లాక్కోకూడదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. రింగు మాత్రమే ఉన్న బొరియల గురించి ఈ రోజే రాసి అడుగుతాను. ఇంకొక్కటి: ఉపగ్రహానికి సంకేతాలు పంపే ట్యాగులు వాడితే పక్షిని తిరిగి పట్టుకోనక్కర్లేదు కదా? రానివాటి సంగతి కూడా అప్పుడు తెలిసిపోదా?

జవాబు 2 రాసినవారు

కొంతవరకే. 1990లో వెలువడిన ఒక ఉపగ్రహ అధ్యయనంతో, వాండరింగ్ ఆల్బట్రాస్ పొదిగే కాలంలో మేతకు వెళ్లిన ఒక్క విడతలోనే 3,600 నుంచి 15,000 కిలోమీటర్ల దాకా తిరుగుతుందని తెలిసింది. ఆ పెద్ద పక్షి ఉపగ్రహ ట్యాగు బరువును మోయగలదు, చిన్న పక్షులన్నీ మోయలేవు. మొదటిసారి ఎగిరి వెళ్లి ఏళ్ల తరబడి తిరిగి రాని పిల్ల పక్షుల విషయంలో మాత్రం జియోలొకేటర్ దాదాపు నిరుపయోగం కనుక, ఉపగ్రహ ట్యాగు తప్పదు.

అయితే సంకేతం ఆగిపోవడం మరణానికి రుజువు కాదు. బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, యాంటెనా విరిగి ఉండవచ్చు, ఈకలు రాలినప్పుడు వాటితోపాటు ట్యాగు కూడా ఊడిపోయి ఉండవచ్చు. ఎక్కడ ముప్పు ఉందో తెలుసుకోవడానికి ఆ దారులను ఇతర సమాచారంతో కలిపి చూడాలి. ఉదాహరణకు 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఓడల రాడార్‌ను పసిగట్టి నమోదు చేసే చిన్న పరికరాలను (లాగర్లను) 169 ఆల్బట్రాస్‌లకు కట్టారు. అంతర్జాతీయ జలాల్లో ఆ పక్షులకు ఎదురైన ఓడల్లో మూడింట ఒక వంతుకు పైగా తమ ఉనికిని తెలిపే ఏఐఎస్ సంకేతాలను పంపడం లేదని బయటపడింది. చేపలు పట్టే ఓడలు వేసే పొడవాటి గాలపు తాళ్లకు చిక్కి ఆల్బట్రాస్‌లు మునిగి చనిపోతున్నాయని తెలిసినప్పుడు, కనిపించకుండా తిరిగే ఓడలు ఎక్కడున్నాయన్నది వాటి మనుగడకు నేరుగా సంబంధించిన విషయం.

మీ చేతిలో ఉన్న పని గురించి చివరిగా ఒక మాట. నమోదు పుస్తకంలో, వెతికినా పక్షి దొరకని బొరియకు సున్నా వేయండి. వాన వల్లనో, సమయం చాలకో వెతకని బొరియకు గీత పెట్టండి. రెండు చోట్లా ఖాళీ వదిలేస్తే, మూడేళ్ల తర్వాత లెక్కకు కూర్చున్నవారికి ఏది ఏదో తెలియదు.