క్లాండన్ పార్క్: కాలిపోయిన ఇంటి లోపలి గదులు మళ్లీ కట్టాలా, వద్దా?

ఇటుక_సున్నం: ఇంగ్లండ్‌లోని సర్రేలో ఉన్న క్లాండన్ పార్క్ 2015 ఏప్రిల్‌లో కాలిపోయింది. ఆన్‌స్లో కుటుంబం కోసం వెనిస్ వాస్తుశిల్పి జాకొమో లియోని గీసిన 18వ శతాబ్దపు భవనం అది. నేలమాళిగలో కరెంటు బోర్డు లోపంతో అంటుకున్న మంట పైకప్పు దాకా పాకింది. ఎర్ర ఇటుక గోడలు నిలిచాయి, లోపల స్పీకర్స్ పార్లర్ అనే గది ఒక్కటే దాదాపు చెక్కుచెదరకుండా మిగిలింది. గోడలనే కాపాడి చూపిస్తామని, గదులన్నీ తిరిగి కట్టబోమని ఆ ఇంటిని చూసుకునే నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాల్ని కాపాడే బ్రిటన్ సంస్థ) 2022లో ప్రకటించింది. ఇది అన్యాయం. రెండంతస్తుల ఎత్తున్న మార్బుల్ హాలే ఆ ఇంటికి ప్రాణం. ఫొటోలున్నాయి, మళ్లీ చెయ్యొచ్చు.

పాతగోడ: చేస్తే అది నకలే. ఆర్తారి, బగుట్టి అనే గచ్చు శిల్పులు చేశారని చెప్పే ఆ హాలు పైకప్పు పనితనం బూడిదైపోయింది. మా తాతగారి మండువా ఇల్లు కూలితే, అచ్చం అలాగే కడతానన్న మేస్త్రి సిమెంటు స్తంభాలు పోసి టేకు రంగు పూశాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో అడుగు పెట్టబుద్ధి కాదు. క్లాండన్‌లో గచ్చు వెనక దాగిన ఇటుక పని ఇప్పుడు కళ్లారా చూడొచ్చు.

గోదారిగట్టు: మరి ఇంగ్లండ్‌లోనే ఉన్న అప్‌పార్క్ అనే పాత భవనం? 1989లో కాలింది, 1995లో మళ్లీ తెరిచారుగా.

పాతగోడ: అక్కడ మంట పైనుంచి కిందికి దిగింది. కింది గదుల్లో సామాను చాలావరకు బయటికి తెచ్చుకోగలిగారు. పోలికే లేదు.

ఇటుక_సున్నం: అప్‌పార్క్ కోసమే సున్నపు గచ్చులో చేత్తో బొమ్మలు తీర్చే పని మళ్లీ నేర్చుకున్నారు. పని ఇస్తేనే పనివాళ్లు మిగులుతారు. మీ మేస్త్రి చేసిన మోసానికీ లియోని ఇంటికీ ఏమిటి సంబంధం?

పాతగోడ: మోసపోయినవాణ్ని కాబట్టే చెప్తున్నా. సంబంధం లేదనడానికి మీరెవరండీ?

చుట్టపుచూపు: ఇద్దరూ కాస్త తగ్గండి.

ఇటుక_సున్నం: సరే, నా బాధ చెప్తా. క్లాండన్ కింది అంతస్తులో ముఖ్యమైన గదుల్ని పునరుద్ధరిస్తామని 2016లో ఈ ట్రస్టే చెప్పింది. బీమా డబ్బూ వచ్చింది. ఆరేళ్లకు మాట మార్చింది. 1956 నుంచి జనం తరఫున ఆ ఇంటిని చూసుకుంటున్న సంస్థ అలా చెయ్యొచ్చా?

పాతగోడ: ఈ ముక్క మొదటే అనాల్సింది. మాట ఇచ్చిన సంగతి నిజమే. అయినా మాట కోసం నకలు కట్టమంటే ఒప్పుకోను.

ఇటుక_సున్నం: ఎవర్ని అడిగి మార్చారో ముందు అది తేలాలి. నకలా, అసలా అన్నది ఆ తర్వాత.