స్వాస్థ్యం అంటే ఆరోగ్యమా, ఆస్తా? (1 పేతురు 1:3-4)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. బైబిల్లోని మొదటి పేతురు పత్రిక (అంటే పేతురు రాసిన మొదటి లేఖ) మొదటి అధ్యాయం మీద, చర్చితో పరిచయం లేని పాఠకుల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. తెలుగు బైబిలు పాత అనువాదంలో "జీవముతో కూడిన నిరీక్షణ" అనీ, "అక్షయమైనదియు, నిర్మలమైనదియు, వాడబారనిదియునైన స్వాస్థ్యము" అనీ ఉంది కదా. చిత్తుప్రతి చదివిన మిత్రుడు స్వాస్థ్యం అంటే ఆరోగ్యం అనుకున్నాడు, నిరీక్షణ అంటే వేచి ఉండటం అనుకున్నాడు. మొత్తానికి పేతురు మనల్ని ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టినట్టు అయింది. ఈ రెంటినీ "ఆశ", "వారసత్వం" అని మార్చేస్తే గొడవ వదిలిపోతుందా?

జవాబు:
మార్చుకోవచ్చండీ, కానీ దాంతో ఏం పోతుందో ముందు చూసుకోండి.

స్వస్థ అంటే తన చోట తాను నిలిచినది. ఆరోగ్యం అన్న అర్థం అక్కణ్ణుంచి వచ్చిందే, హిందీలో అదే స్థిరపడింది. తెలుగు బైబిలు మాత్రం ఆ మాటను "ఒకరికంటూ దక్కి నిలిచిన భాగం" అన్న అర్థంలో వాడింది. గ్రీకులో ఉన్నది క్లేరోనోమియా. క్లేరోస్ అంటే చీటీ, ఆ చీటీతో వచ్చిన వంతు. దాని వెనక హెబ్రీ మాట నహలా ఉంది. ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ కాలంలో కనాను దేశాన్ని చీట్లు వేసి వాళ్ల గోత్రాలకు పంచినప్పుడు ఒక్కో గోత్రానికి వచ్చిన భాగం అది. అందులో చనిపోయిన తండ్రి లేడు, వీలునామా లేదు. ఇచ్చినవాడు దేవుడు, ఆయన ఇచ్చాక కూడా ఉన్నాడు. దేవుని సేవకు ఏర్పడిన లేవీయుల గోత్రానికైతే భూమే ఇవ్వకుండా "నేనే మీ స్వాస్థ్యం" అన్నాడు. వారసత్వం అనగానే మన మనసు పోయినవాళ్ల ఆస్తి మీదికి వెళ్తుంది. చిక్కు అక్కడే.

ఇంకోటి చూడండి. ద్వితీయోపదేశకాండం 32:9లో "యెహోవా వంతు ఆయన జనమే" అని చెప్పి, యాకోబును, అంటే ఇశ్రాయేలు జనాన్ని, ఆయన స్వాస్థ్యభాగం అన్నారు. అక్కడ వారసత్వం అని పెట్టి చదవండి. దేవుడికి ఎవరి నుంచి వారసత్వం వస్తుంది? ఎఫెసీ 1:18లోనూ అంతే, "పరిశుద్ధులలో ఆయన స్వాస్థ్యము" అని ఉంది. విశ్వాసులకు దేవుడు స్వాస్థ్యం, దేవుడికి విశ్వాసులు స్వాస్థ్యం. ఈ రెండు వైపుల రాకపోకలను వారసత్వం మోయలేదు.

పాత అనువాదకులకు ఈ తేడా తెలుసనే నా నమ్మకం. లూకా 12:13లో ఒకాయన తన అన్నదమ్ముడితో ఆస్తి పంపకం తగాదా తెచ్చి యేసు ముందు పెడతాడు. గ్రీకులో అక్కడా అదే క్లేరోనోమియా. తెలుగులో మాత్రం స్వాస్థ్యం అనలేదు, చక్కగా "పిత్రార్జితము" అన్నారు.

మరొకరు:
మీరు చెప్పింది బాగుంది గానీ, అదే అనువాదం రోమా 8:17లో "దేవుని వారసులము, క్రీస్తుతోడి వారసులము" అంటుందిగా! వారసుడు పనికొచ్చినప్పుడు వారసత్వం ఎందుకు పనికిరాదు? గ్రీకులో క్లేరోనోమోస్ (వారసుడు), క్లేరోనోమియా ఒక కొమ్మ రెమ్మలే. తెలుగులో ఆ చుట్టరికం తెగిపోయింది. గలతీ మూడో అధ్యాయంలో 18వ వచనంలో స్వాస్థ్యం, 29వ వచనంలో వారసులు. ఈ రెంటికీ సంబంధం ఉందని కొత్త పాఠకుడు ఎలా పట్టుకుంటాడు?

జవాబు:
పట్టుకోలేడు, ఒప్పుకుంటాను. అది నష్టమే. మీరు గలతీ మీద రాస్తుంటే నేనూ వారసత్వం వైపే మొగ్గేవాణ్ణి.

పేతురు దగ్గర దారి వేరు. "మనలను మరల జన్మింపజేసెను" అన్నది ఆ వాక్యానికి ప్రాణం. ఇది పుట్టుకతో వచ్చే హక్కు. హెబ్రీ 9:16లో మరణశాసనం, అంటే వీలునామా, సంగతి వస్తుంది, రాసినవాడు చనిపోతేనే అది చెల్లుతుందన్న వాదన అక్కడ నడుస్తుంది. పేతురు ఆ ఊసు ఎత్తడు. చనిపోయిన యేసు తిరిగి లేచాడు, కాబట్టే నిరీక్షణకు జీవం ఉంది అంటాడు. స్వాస్థ్యం పరలోకంలో భద్రంగా ఉంది, దాన్ని అందుకోవలసినవాళ్లు ఇక్కడ దేవుని శక్తిచేత కాపాడబడుతున్నారు. ఆస్తికీ కాపలా, హక్కుదారుకీ కాపలా. ఈ రెండో కాపలా ఉన్న ఐదో వచనం చేర్చకుండా నాలుగోది ఒక్కటే రాస్తే మాత్రం వ్యాసం సగమే అవుతుంది.

ఇంకొకరు:
నిరీక్షణను ఆశ అని మార్చొద్దు, దయచేసి. 1 థెస్సలొనీక 4:13లో "నిరీక్షణలేని యితరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అని ఉంటుంది, సమాధి కార్యక్రమాల్లో వింటూ ఉంటాం. దాన్ని "ఆశ లేని ఇతరులు" అని మార్చండి, తెలుగువాడి చెవికి వాళ్లెవరో గొప్ప విరాగుల్లా వినిపిస్తారు! ఆశపోతు, అత్యాశ, పేరాశ, ఇవన్నీ ఆ మాట వెంట తోకల్లా వస్తాయి. లేదంటే "బతుకుతాడన్న ఆశ ఉంది" అంటాం, అంటే సగం అనుమానమే.

రోమా 5:5లో ఈ నిరీక్షణ మనల్ని సిగ్గుపరచదు అంటాడు పౌలు. అనుమానంతో కూడిన ఆశ గురించి ఎవరూ అలా అనరు. మీ మిత్రుడు "వేచి ఉండటం" అనుకున్నాడంటే తప్పేమీ కాదు, సగం అర్థం ఆయనకు దొరికింది. రావడం ఖాయం, ఇంకా రాలేదు, అందుకని కళ్లు అటే ఉన్నాయి. ఎదురుచూపు అన్నా నాకు అభ్యంతరం లేదు.

మరొకరు:
సంచకరువు గురించి ఎవరూ ఎత్తలేదేం? ఎఫెసీ 1:14లో పరిశుద్ధాత్మ "మన స్వాస్థ్యమునకు సంచకరువుగా ఉన్నాడు". సంచకరువు అంటే బయానా, బేరం కుదరగానే చేతిలో పెట్టే సొమ్ము. సంస్కృతంలో సత్యంకారం అన్నా అదే, మాటను నిజం చేయడం. గ్రీకులో అర్రబోన్, హెబ్రీ ఎరావోన్ నుంచి వచ్చింది. ఆదికాండం 38లో యూదా తామారు చేతిలో పెట్టిన ముద్ర, దారం, కర్రకు వాడిన మాట ఇదే. కాకపోతే అది కుదువ, విడిపించుకుని వెనక్కి తీసుకునేది. బయానా అలా కాదు, మొత్తం సొమ్ములో అది మొదటి భాగం. పౌలు చెప్పేది ఈ రెండో అర్థమే. స్వాస్థ్యంలో కొంత ఇప్పుడే చేతికొచ్చింది అంటున్నాడు. నేటి గ్రీకులో ఈ మాటకు పెళ్లి నిశ్చితార్థం అని అర్థం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. స్వాస్థ్యం, నిరీక్షణ అలాగే ఉంచుతాను. మొదటిసారి వచ్చినచోట "దేవుడు పంచి ఇచ్చిన భాగం", "నమ్మకంతో ఎదురుచూడటం" అని పక్కన రాస్తాను. చివరి సందేహం: అక్షయం, నిర్మలం పక్కన "వాడబారనిది" కొంచెం ఎబ్బెట్టుగా లేదూ?

జవాబు:
గ్రీకులో మూడూ అ-కారంతోనే మొదలవుతాయి: అఫ్థార్తోస్, అమియాంతోస్, అమారాంతోస్. ఆ వరస కావాలంటే అక్షయం, అకళంకం, అమ్లానం అని కట్టొచ్చు. తమాషా ఏమిటంటే అమారాంతోస్ నుంచి ఒక పువ్వుకు పేరొచ్చింది, సంస్కృతంలో అమ్లానం కూడా ఒక పువ్వు పేరే. అయినా నేనైతే పెట్టను. అమ్లానం అంటే మళ్లీ నిఘంటువు తీయాలి. రెండు సంస్కృత పదాల తర్వాత వాడబారనిది అన్న తెలుగు క్రియ వస్తే, చదివేవాడికి పువ్వు దానంతట అదే కనిపిస్తుంది. దాన్ని కదపకండి.