సవర బొమ్మలకు శబ్దం కట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్తే. మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలతో సెలవుల్లో ఒక వర్క్‌షాప్ పెడుతున్నాం. భువనేశ్వర్ గిరిజన మ్యూజియంలో సవరల ఇడితాల్ అనే గోడ బొమ్మలు చూపించి, తిరిగొచ్చాక వాటిని శబ్దాలుగా మార్చాలని ఆలోచన.

మామూలుగా చెప్పే పద్ధతి తేలికే: బొమ్మను ఎడమ నుంచి కుడికి చదవడం, పైనున్నదానికి హెచ్చు స్వరం, కిందున్నదానికి తగ్గు స్వరం. 1977లో స్వరకర్త జెనాకిస్ బృందం పారిస్‌లో తయారుచేసిన యూపిక్ అనే యంత్రం కూడా గీసిన గీతను ఇలాగే పలికించేది. కానీ ఇడితాల్‌కి అది అతకడం లేదు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఒక ఇల్లులా చౌకం గీసి, లోపల మనుషులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు అన్నీ కిక్కిరిసి ఉంటాయి. మొదలెక్కడో, చివరెక్కడో తెలియదు. చౌకం గీతనే ఆగకుండా మోగే శ్రుతిగా పెట్టి, లోపలి వరుసలను పిల్లలు తలా ఒకటి పంచుకుంటే బాగుంటుందా?

చేటలో బియ్యం చెరిగే చప్పుడు, ఇత్తడి చెంబు, వెదురు ముక్కలు ఫోన్‌లో రికార్డు చేసి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో కలుపుదాం అనుకుంటున్నాం. కీబోర్డు వద్దని నా పట్టు, మా మాస్టారు ఒప్పుకోవట్లేదు లెండి.

అసలు టెన్షన్ వేరే. ఇవి అలంకారానికి వేసినవి కావు, పితృదేవతల కోసం పూజ చేసి వేసేవి. గుణుపురం, పర్లాకిమిడి వైపు సవర పెద్దలతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ముందుగా ఎవరిని అడగాలో, ఏ బొమ్మలు ముట్టకూడదో చెప్పండి. పిల్లలతో ఇలాంటిది చేయించినవాళ్లు కూడా రాయండి, ప్లీజ్.