అప్‌డేట్: షెల్టర్ కుక్కపిల్ల ఇంటికొచ్చింది

అద్దె ఇంట్లో ఉంటూ మున్సిపల్ షెల్టర్ నుంచి కుక్కను తెచ్చుకోవచ్చా అని పోయిన నెల అడిగాను కదండీ. తెచ్చుకున్నాం! ఇప్పుడు సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే ఉంది.

షెల్టర్ వాళ్లు ఆధార్ చూశారు. ఇంటి ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం అడిగారు, నా టెన్షనంతా దాని గురించే. మీలో ఒకరు చెప్పినట్టు ముందే ఓనరు ఆంటీతో కూర్చుని మాట్లాడాను. మెట్లు శుభ్రంగా ఉంచాలని ఒక్క షరతు పెట్టి సంతకం చేశారు.

పెంచలేకపోతే రోడ్డు మీద వదలకుండా తిరిగి షెల్టర్‌కే అప్పగిస్తామని వాళ్లు రాయించుకున్నారు. ఈ నియమం నాకు చాలా నచ్చింది. జంతువుల్ని ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

రెండు నెలల పిల్ల. మూడో నెల నిండాక రేబిస్ టీకా, తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. బెజవాడ ఎండకి వరండాలో తడి గోనెపట్టా వేస్తే హాయిగా పడుకుంటోంది.