అమెరికాలో ఐ-94 గడువు దాటింది, భర్త అక్కడి సిటిజన్. ఇండియా వెళ్లి రావచ్చా?

డాలస్_బావ:
నేను అమెరికా సిటిజన్‌ని, మా ఆవిడ హెచ్-1బి (ఉద్యోగ వీసా). వీసా స్టాంపు 2027 దాకా ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. మొన్న గ్రీన్‌కార్డు కాయితాలు సర్దుతూ ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో రాసిచ్చే రికార్డు) ప్రింటు తీస్తే 2025 మార్చి 11 అని ఉంది! అప్పటి పాస్‌పోర్టు గడువెంతో అంతవరకే ఎయిర్‌పోర్టులో రాసిచ్చారు. కొత్త పాస్‌పోర్టు తెచ్చుకున్నాం గానీ ఆ తేదీ ఎవరం చూళ్లేదు. పది నెలలైపోయింది. మూఢం వెళ్లాక రాజమండ్రిలో బావమరిది పెళ్లి, ఇద్దరికీ టికెట్లు కొనేశా. ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి ముంబై కాన్సులేట్లో స్పౌస్ వీసా వేయించుకుని వచ్చేయమంటున్నాడు ఫ్రెండు. అవుతుందా?

కూకట్‌పల్లి_కుర్రాడు:
సిటిజన్ భార్యకి ఓవర్‌స్టే మాఫీ అన్నా. మా కొలీగ్ వైఫ్‌కి రెండేళ్లు దాటినా గ్రీన్‌కార్డు వచ్చింది. హ్యాపీగా వెళ్లి రండి.

పేపర్‌వర్క్_పిన్ని:
అబ్బాయ్, సగం చెప్పి వాళ్ల కొంప ముంచకు. ఆ అమ్మాయి దేశం దాటిందా? ఇక్కడే ఉండి ఐ-485 (దేశం దాటకుండా గ్రీన్‌కార్డుకి పెట్టే దరఖాస్తు) వేసుకుని ఉంటుంది. ఇమిగ్రేషన్ ఆఫీసరు ముందు నిలబడి సక్రమంగా లోపలికొచ్చిన భార్యకి గడువు దాటడం, దాటాక ఉద్యోగం చేయడం రెండూ అడ్డు రావు. అదీ మాఫీ అంటే. అడుగు బయట పెట్టావా, లెక్క మారిపోతుంది. 180 రోజులు దాటి ఏడాది లోపైతే మూడేళ్లు రానివ్వరు, ఏడాది నిండితే పదేళ్లు. వేవర్ (మినహాయింపు) ఉంది గానీ, ఆవిడ లేకపోతే నీకెంత కష్టమో రుజువు చేయాలి. అది పెళ్లి భోజనాల లోపు తేలే పని కాదు. ఐ-130 (భార్య కోసం నువ్వు వేసే పిటిషన్), ఐ-485 కలిపి ఇక్కడే వేయి నాయనా. ఐ-485 వేసిన రోజు నుంచి ఆ లెక్క ఆగుతుంది.

లైన్‌లో_2015:
ఇదేం న్యాయమో చెప్పండి. నాది ఈబీ-2 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డు), ప్రయారిటీ డేట్ (లైన్లో చేరిన తేదీ) 2015. ఒక్కరోజు స్టేటస్ తప్పలేదు. వీసా స్టాంపింగ్ స్లాట్ దొరకదన్న భయంతో నాన్న చివరి చూపుకి కూడా వెళ్లలేదు. మా కేసుల్లో స్టేటస్ 180 రోజులకి మించి తప్పితే ఐ-485 గోవిందా. సిటిజన్‌ని చేసుకుంటే మాత్రం పది నెలలైనా పర్లేదా?

పేపర్‌వర్క్_పిన్ని:
మీ కడుపుమంట అర్థమైంది. కానీ ఆ వెసులుబాటు సిటిజన్ కాపురం చెదరకూడదని పెట్టింది. ఇదే మొగుడు గ్రీన్‌కార్డు మీద ఉండి ఉంటే ఈ పది నెలలు వాళ్లనీ ముంచేవి. మీ లైన్ కదలకపోవడానికి దేశానికింతని పెట్టిన కోటా కారణం, ఈ పిల్ల కాదు.

లైన్‌లో_2015:
పిల్లని అనట్లేదండీ, చట్టాన్ని అంటున్నా. తేదీ చూసుకోని వాళ్లకి దారి ఉంది, రోజూ చూసుకునేవాడికి లేదు.

ఓరుగల్లు_లా_పాయింట్:
మాఫీ అని మరీ నిశ్చింతగా ఉండొద్దు. ఐ-485 పెండింగ్‌లో ఉంటే ఉండనిస్తారు, అంతే, అది స్టేటస్ కాదు. ఐ-130 ఆమోదించినంత మాత్రాన డిపోర్టేషన్ నుంచి రక్షణ ఉండదని, కోర్టు నోటీసు ఇవ్వొచ్చని 2025 ఆగస్టు 1న యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) పాలసీలో స్పష్టంగా రాసుకుంది. ఇంకో దారి అడ్వాన్స్ పెరోల్ (ఐ-485 పెండింగ్‌లో ఉండగా బయటికెళ్లి రావడానికి ముందే తీసుకునే అనుమతి). అది తీసుకుని బయటికెళ్తే పదేళ్ల బార్ (నిషేధం) తగలదని 2012లో ఇమిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు తీర్పిచ్చింది. కేసు పేరు అర్రబెల్లి, ఎర్రబెల్లి! ఇండియా వాళ్లే, భార్యాభర్తలు. ఇంటిపేర్లు చూస్తే మా వైపు వాళ్లనిపిస్తుంది.

పేపర్‌వర్క్_పిన్ని:
తీర్పు నిజమే. కానీ పెరోల్ చేతిలో ఉన్నా లోపలికి రానివ్వడం ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఇష్టం. నా కూతురైతే ఇప్పుడు పంపను.

ఓరుగల్లు_లా_పాయింట్:
మా నాన్నకి ఐసీయూ అయితే నేను వెళ్తా. పెళ్లికి మాత్రం వెళ్లను.

డాలస్_బావ:
లాయరుతో మాట్లాడాం. పిన్నిగారు చెప్పిందే చెప్పారు, వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఉద్యోగం కూడా ఆపమన్నారు. ఐ-130కి 675, ఐ-485కి 1,440 డాలర్లు. చెక్కు రాయబోతే ఇప్పుడు తీసుకోరట, కార్డు ఫారం నింపాం. ఆవిడ టికెట్ క్యాన్సిల్ చేశా, నాది ఉంది. తమ్ముడి తలంబ్రాల కోసం కొన్న ముత్యాలు తన సూట్‌కేసులోంచి తీసి నా బ్యాగులో పెట్టింది, ఏమీ మాట్లాడలేదు. ఆడపడుచు లాంఛనం వీడియో కాల్లో ఎలా ఇస్తారని అత్తయ్య అడుగుతోంది.