సెక్సువాలిటీ స్టడీస్‌కి ప్రత్యేకంగా డిగ్రీ అవసరమా?

పలాస అమ్మాయి:
శ్రీకాకుళంలో సోషల్ వర్క్ పీజీ చేస్తున్నాను. తర్వాత సెక్సువాలిటీ స్టడీస్, అంటే లైంగికతని సమాజం, చట్టం, ఆరోగ్యం కోణాల్లో చూసే చదువు, చదవాలని ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీ ఆ పేరుతోనే ఎమ్మే పెట్టిందని చదివిన దగ్గర్నుంచీ అదే ఆలోచన. ఇంట్లో చెప్తే మా పెదనాన్న ‘ఏటమ్మా ఆ సదువు, ఊర్లో ఎవులైనా అడిగితే ఏటని చెప్పీది?’ అన్నారు. అమ్మ మాట మార్చేసింది. రెండు పేపర్లు చాలు కదా అంటున్నారు ఫ్రెండ్స్. డిగ్రీకి సరిపడా విషయం ఉందా ఇందులో?

బొబ్బిలి మాస్టారు:
విషయం ఉందమ్మా, అందులో అనుమానం లేదు. నా బెంగ ఉద్యోగం గురించే. నేను చూసిన ఏ నోటిఫికేషన్‌లోనూ ఆ పట్టా పేరు లేదు.

ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం) కౌన్సెలర్, విజయనగరం జిల్లా:
మాస్టారూ, పోస్టు పేరు ఏదైనా నేను చేసే పని అదే. మా తీరం మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్‌కి వేటకెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటారు. వాళ్ల భార్యలు కడుపుతో ఉన్నప్పుడు హెచ్‌ఐవీ పరీక్షకి వస్తారు. నెగెటివ్ అని చెప్పినా కొందరు కుర్చీలోంచి లేవరు. ‘ఆయనొచ్చీసరికి నాకు భయమేస్తాది మేడమ్, వద్దంటే అనుమానపడతాడు’ అంటారు. కండోమ్ వాడకం, మందులు, గోప్యత, రిజిస్టర్లు మాకు ట్రైనింగ్‌లో బాగానే నేర్పారు. ఆ భయం గురించి, ఇష్టం గురించి, మొగుడూపెళ్లాల మధ్య బలవంతం గురించి ఏం మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు. వలస, చట్టం, ఆరోగ్యం, ఇంటి పెత్తనం అన్నీ అక్కడ కలిసే ఉంటాయి. రెండు పేపర్లలో తేలదు.

ఇలాంటివి ఆరా తీసి రాయడం మన ఊరికి కొత్త కూడా కాదు. విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల (డబ్బు తీసుకుని పిల్లనిచ్చే పెళ్లిళ్ల) జాబితాని విజయనగరం మహారాజా తీయించారు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ ముందుమాటలో గురజాడ ఆ లెక్క ఇచ్చారు: బ్రాహ్మణ కుటుంబాల్లోనే 1034 పెళ్లిళ్లు, అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు! ఎవరో ఇంటింటి వివరం రాశారు కాబట్టే అది మనకి తెలిసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు మన రాష్ట్రంలో 29.3 శాతం. ఇంకా ఇంతమంది ఎందుకున్నారో తేల్చేవాళ్లు నాకు కావాలి.

మెడికో:
స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. అయినా 2024 ఆగస్టు చివర్లో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన ఫోరెన్సిక్ మెడిసిన్ సిలబస్‌లో అది మళ్లీ లైంగిక నేరాల కిందే వచ్చింది. గొడవయ్యాక కొద్దిరోజుల్లో వెనక్కి తీసుకున్నారు. సిలబస్ రాసేచోట ఈ చదువున్నవాళ్లు ఉండి తీరాలి.

బొబ్బిలి మాస్టారు:
సరే. కానీ ఇంటర్ అయిన వెంటనే మాత్రం వద్దంటాను.

ఐసీటీసీ కౌన్సెలర్:
నా మాటా అదే మాస్టారూ. నర్సింగో, సైకాలజీయో, సోషల్ వర్కో చదివాక పీజీగా ఉండాలి, అదీ ఫీల్డ్‌వర్క్ తెలుగులో చేయించాలి.

అమ్మాయీ, అప్పుచేసి అమెరికా వెళ్లేముందు నీ ప్రాజెక్ట్ మన తీరం మీదే చెయ్యి. సోంపేట, సంతబొమ్మాళి నీకు దగ్గరే. మగవాళ్లు వేటలో ఉన్న నెలల్లో వెళ్తే ఆడవాళ్లు మనసువిప్పి మాట్లాడతారు. ఊరి ఆశా అక్కని వెంటబెట్టుకెళ్లు. పేర్లు రాసుకోకు. ఎథిక్స్ కమిటీ అనుమతికి చాలా టైం పడుతుంది, ఈ వారమే మీ గైడ్‌ని అడుగు.